గంటలు తగ్గించి, రోజంతా మనదే అంటామా?

జూన్‌లో బడులు తెరిచేసరికి బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఒక మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. "పాపను ప్లేస్కూల్లో వేశాం కదక్కా, ఇక నువ్వు పన్నెండున్నరకు వస్తే చాలు. జీతం కూడా ఆ లెక్కన చూసుకుందాంలే." చెప్పేవాళ్లకు అది ఇంట్లో చిన్న సర్దుబాటు. వినే ఆయాకు అది వచ్చే నెల ఇంటి అద్దె. ఆరు నెలల పసిబిడ్డగా చేతికందుకుని, ఉగ్గు పెట్టి, ఒంటికీ రెంటికీ చూసి, నడక నేర్పి, బడికి పంపేంతదాన్ని చేసింది ఆమే. బిడ్డ ఎదిగినందుకు ఆమెకు దక్కిన బహుమానం సగం జీతం.

మన సహవాసాల్లో ఆయాలుగా పనిచేసే అక్కచెల్లెళ్లు తక్కువేం లేరు. వాళ్లను పనికి పెట్టుకున్న కుటుంబాలూ మన సహవాసాల్లోనే ఉన్నాయి. ఇద్దరూ ఒకే ఆరాధనకు వస్తారు, ఒకే ప్రభువు బల్లలో పాలుపొందుతారు. సోమవారం పొద్దున ఒకరు గేటు దగ్గర సెక్యూరిటీకి సంచి విప్పి చూపించి లోపలికి వెళ్తారు. ఇంకొకరు ఆమె పది నిమిషాలు ఆలస్యమైతే ఫోన్ మీద ఫోన్ చేస్తారు. కాబట్టి ఇది లోకస్థుల మీద నింద వేసి మనం తప్పించుకునే సంగతి కాదు.

గంటలు తగ్గిన అక్క మన దగ్గరికి వచ్చి "ఉండమంటారా, మానెయ్యమంటారా?" అని అడిగితే సాధారణంగా మూడు జవాబులు దొరుకుతాయి. ఒకటి, "ప్రార్థన చెయ్యమ్మా, దేవుడే దారి చూపిస్తాడు." రెండు, "ఉన్నదాంతో తృప్తిపడాలి." మూడు, "పాప నీకు అంత అలవాటైంది, వదిలేసి ఎలా వెళ్తావు?" మూడూ వినడానికి భక్తిగానే ఉంటాయి. మూడింటిలోనూ భారం ఆమె మీదే పడుతుంది. గంటలు కోసిన ఇంటిని ఎవరూ ఒక్క మాటా అడగరు.

మేము చెప్పదలచింది సూటిగా చెబుతాం. ముందుగా చెప్పకుండా పని గంటలు కోసి, జీతం కోసి, అవసరం పడ్డ రోజున మాత్రం పొద్దుటి నుంచి రాత్రి దాకా అందుబాటులో ఉండాలనడం అన్యాయం. "నువ్వే మానెయ్" అన్న మాటను నోటితో అనకుండా ఆమె చేతనే అనిపించడమది. అలాంటి ఇల్లు వదిలి వెళ్లే స్త్రీని కృతజ్ఞత లేనిదని గాని, విశ్వాసం లేనిదని గాని అనే హక్కు మనలో ఎవరికీ లేదు.

లెక్క కట్టి చూద్దాం

ఉదాహరణకు ఒక అక్క పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకా, నెలకు 26 రోజులు, 18,000 రూపాయలకు పనిచేస్తోందనుకుందాం. నెలకు 234 గంటలు, గంటకు దాదాపు 77 రూపాయలు. ఇప్పుడు మధ్యాహ్నం 12.30 నుంచి 4.30 దాకా రమ్మన్నారు. నెలకు 104 గంటలు, జీతం 8,000. గంటకు మళ్లీ అదే 77. "చూశారా, మేము రేటేమీ తగ్గించలేదు" అంటారు ఇంటివాళ్లు. కాగితం మీద నిజమే.

కాని ఆమెకు వచ్చేందుకు గంటన్నర, పోయేందుకు గంటన్నర పడుతుంది. ఆ మూడు గంటల్ని ఎవరూ తగ్గించలేదు. 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద కర్ణాటకలో ఆడవాళ్లకు ప్రభుత్వ బస్సుల్లో టికెట్ లేదు, సంతోషమే. టికెట్ పోయింది గాని ట్రాఫిక్ పోలేదు. ప్రయాణంతో కలిపి లెక్కేస్తే, మునుపు రోజుకు 12 గంటలు ఖర్చుపెడితే గంటకు 58 రూపాయల దరిదాపు వచ్చేది. ఇప్పుడు రోజుకు 7 గంటలు పోతాయి, గంటకు 44 రూపాయలే మిగులుతాయి. పని మారలేదు, బిడ్డ మారలేదు, రేటు మారలేదని చెప్పారు. ఆమె రోజుకు ధర మాత్రం పడిపోయింది.

అద్దె సగం కాలేదు. గ్యాస్ బండ సగం కాలేదు. ఆమె పిల్లల స్కూలు ఫీజు, ఆమె వేసిన చీటీ, ఊళ్లో అత్తగారి మందులు ఏవీ సగం కాలేదు.

"మిగతా టైములో ఇంకో ఇల్లు చూసుకోవచ్చు కదా" అనేవాళ్లున్నారు. చూసుకునేందుకు ఆ నాలుగు గంటలు ఎక్కడున్నాయో చూడండి, రోజుకు సరిగ్గా నడిమధ్యలో. పూర్తి రోజు ఆయా కావాలనుకునే ఇల్లు 9 నుంచి 6 దాకా అడుగుతుంది. 12.30కు ఇక్కడ ఉండాల్సిన మనిషి అక్కడికి పోలేదు. దాని మీద ఇంకో షరతు కూడా వస్తుంది. "వేరే ఇంటికి వెళ్లి అక్కడి జలుబు మా పాపకు తేవద్దు." అంటే ఇంకో పని చెయ్యకూడదు, ఈ పనికి సరిపడా జీతమూ రాదు.

ఇక ఈ మాటకు తోకలు. పాపకు జ్వరం వస్తే పొద్దున్నే రావాలి. స్కూలుకు దసరా సెలవులొస్తే రోజంతా ఉండాలి. మేడమ్‌గారికి మీటింగ్ పొడిగితే 7 దాకా ఆగాలి. ఎండాకాలం రెండు నెలలూ మళ్లీ పూర్తి రోజు, "అప్పటి జీతం అప్పుడు చూద్దాం." జీతం ఇచ్చేటప్పుడు నాలుగు గంటల మనిషి, పిలిచేటప్పుడు ఇరవైనాలుగు గంటల మనిషి. మేము కోపగించుకునేది ఇక్కడే. పిల్ల బడికి వెళ్తే పని తగ్గడం సహజం, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. తగ్గిన గంటల్ని ఆమెకు తిరిగి ఇచ్చెయ్యాలి గదా! ఇవ్వరు. డబ్బులివ్వకుండా దాచిపెట్టుకుంటారు.

లాబాను ఇంట్లో ఇరవై ఏళ్లు

జీతం మాటిమాటికీ మార్చిన యజమాని కథ మనకు సండేస్కూల్ నుంచీ తెలుసు. ఆదికాండము 31వ అధ్యాయం మళ్లీ ఒకసారి తెరిచి, ఇంటి పనికి వెళ్లే మనిషి కళ్లతో చదవండి. యాకోబు 20 ఏళ్లు చేశాడు, మామ కుమార్తెల కోసం 14 ఏళ్లు, మంద కోసం 6 ఏళ్లు. పగలు ఎండకు, రాత్రి మంచుకు తట్టుకుని, కంటికి కునుకు లేకుండా కాచానని మామ ముఖం మీదే చెప్పాడు. ఆ జీతాన్ని లాబాను పదిమార్లు మార్చాడు. అప్పుడు యాకోబుకూ ఇదే ప్రశ్న వచ్చింది, ఉండాలా, వెళ్లాలా?

ఆయన ఏం చేశాడు? రాహేలును, లేయాను పొలానికి పిలిపించి కూర్చుని మాట్లాడాడు. ఆ ప్రశ్నను ఒంటరిగా మొయ్యలేదు. దేవుడు ఆయనతో సర్దుకుపొమ్మని చెప్పలేదు. లాబాను చేస్తున్నదంతా చూశానన్నాడు, లేచి వెళ్లమన్నాడు, తోడుంటానన్నాడు. అన్యాయం చేసే ఇంటిని వదిలి వెళ్లడం విశ్వాసంలో ఒక అడుగు కావచ్చునని మన లేఖనాల మొదటి పుస్తకమే చెబుతోంది.

వెంటపడి వచ్చిన లాబాను మాటలు ఇంకా విచిత్రం. చెప్పకుండా వచ్చేశావు, చెబితే పాటలతో, వాద్యాలతో సాగనంపేవాణ్ని, పిల్లల్ని ముద్దయినా పెట్టుకోనివ్వలేదని వాపోయాడు. ఆ పిల్లలూ, ఆ మందా అన్నీ నావేనన్నాడు. ఇరవై ఏళ్ల జీతం సంగతి మాత్రం ఎత్తలేదు. మన ఇళ్లలో ఆయా మానేసిన మర్నాడు వినిపించే మాటలు వేరా? "ఎంత చేశాం ఆమెకు! పాత చీరలిచ్చాం, క్రిస్మస్‌కు కేకు పంపించాం, పాప మొహమన్నా చూడకుండా పోయింది." చెప్పాపెట్టకుండా వెళ్లిపొమ్మని మేము ఎవరికీ సలహా ఇవ్వం. కాని చెప్పి వెళ్లే చోటు లేకుండా చేసిందెవరో కూడా అడుగుతాం. ఆ కథలో చివరికి ఇద్దరూ రాళ్లకుప్ప వేసి, హద్దు పెట్టుకుని, కలిసి భోజనం చేసి విడిపోయారు. ఆ ఒప్పందం ఇరవై ఏళ్ల ముందే, పనిలో చేరిన నాడే ఉంటే ఎంత బాగుండేది!

మనం చెప్పే సాకులు

"పని తగ్గితే జీతం తగ్గదా?" తగ్గవచ్చు. కాని మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని ఏం చేశాడో కూడా గుర్తుంచుకోండి. సాయంత్రం ఒక్క గంట పనిచేసినవాళ్లకూ పూర్తి రోజు కూలి ఇచ్చాడు. వాళ్లు సోమరులై సంతలో నిలబడలేదు, తమను ఎవరూ పనికి పిలవలేదన్నారు. పని తక్కువ దొరికిందని ఆకలి తక్కువవదని ఆ యజమానికి తెలుసు. పరలోక రాజ్యాన్ని ప్రభువు ఆ మనిషితో పోల్చాడు. దాని మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. మన ఇంటి ఆయా జీతం దగ్గర మాత్రం ఒక్కటీ గుర్తురాదు.

"ఉన్నదాంతో తృప్తిపడాలని వాక్యం చెబుతోంది కదా!" మీ జీతంతో తృప్తిపొందండని బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పింది ఎవరికో లూకా 3వ అధ్యాయంలో చూడండి. ప్రజల్ని బెదిరించి డబ్బు గుంజే సిపాయిలకు. చేతిలో అధికారం ఉన్నవాళ్లకు చెప్పిన మాటను తీసుకొచ్చి చేతిలో ఏమీ లేనివాళ్ల నెత్తిన పెట్టడం వాక్యాన్ని తలకిందులు చెయ్యడమే. పనివాళ్ల కూలి బిగబట్టిన ధనవంతుల మీద యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఎంత కఠినంగా మాట్లాడుతుందో ఆ పక్కనే చదువుకోవాలి.

"ఆమె మా ఇంటి మనిషే." ఇంటి మనిషి ఏ గ్లాసులో నీళ్లు తాగుతుంది? ఏ లిఫ్టు ఎక్కుతుంది? సోఫా మీద కూర్చుంటుందా, కిందనా? ఇంటి మనిషికి జీతం సగం చేసే ముందు ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడతారా, రాత్రి పదింటికి వాట్సాప్‌లో మెసేజ్ పెడతారా? మనలో చాలామంది తాతముత్తాతలు దొరల గడపల్లో పాలేర్లుగా, జీతగాళ్లుగా బతికినవాళ్లే. దూరం నుంచి దోసిట్లో నీళ్లు పోయించుకుని తాగినవాళ్లే. "మా ఇంటివాడే" అన్న మాటను ఆ దొరలూ అన్నారు. ఆ మాట విలువ ఎంతో మన ఇళ్లలో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.

"మాకూ ఈఎంఐలున్నాయి, మా ఉద్యోగాలకూ భరోసా లేదు." ఇది అబద్ధం కాదు. రెండు జీతాల మీద నడిచే ఇళ్లలో ఆయా జీతం పెద్ద ఖర్చే. తల్లికి ప్రసూతి సెలవు 26 వారాలు. ఆ తర్వాత బిడ్డను ఎవరు చూడాలన్న బెంగ అంతా ఆ తల్లి ఒక్కతే మోస్తుంది, గంటలు తగ్గించే మాట చెప్పే పనీ ఆమెకే అప్పజెబుతారు, తండ్రిగారు లాప్‌టాప్ వెనక మౌనంగా ఉంటారు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు పిల్లల సంరక్షణ కేంద్రం ఏర్పాటు చెయ్యాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. మీ ఆఫీసులో అది ఉందా? లేకపోతే అక్కడ అడగండి. పైవాళ్ల దగ్గర అడగలేని దాన్ని కిందివాళ్ల దగ్గర కోసుకోవడం ధైర్యం కాదు.

మీ నోటీసు 90 రోజులు, ఆమెది రాత్రికి రాత్రి

ఐటీ కంపెనీలో పనిచేసే మన యువతీయువకులకు నోటీసు పీరియడ్ అంటే వివరించనక్కర్లేదు. 60 రోజులో 90 రోజులో ఆఫర్ లెటర్‌లో రాసి ఉంటుంది. ఫ్యాక్టరీ కార్మికుడి జీతం, పని గంటలు మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోని 9ఏ సెక్షన్ చెప్పింది. 1956 సవరణతోనే మగ్గం దగ్గర, మిషన్ దగ్గర నిలబడ్డ కార్మికుడికి అనుకున్న ఆ పాటి మర్యాద, మన బిడ్డను ఎత్తుకున్న మనిషికి ఇంకా రాలేదు.

ఇళ్లలో పనిచేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్ 16న 189వ ఒడంబడికను ఆమోదించింది. పని షరతులు, పని వేళలు, పని మాన్పించేటప్పుడు ఇవ్వాల్సిన నోటీసు వీలైనంత వరకు రాతపూర్వకంగా ఉండాలని అందులో ఉంది. పిలుపు కోసం కాచుకుని ఉండాల్సిన సమయాన్ని కూడా, దేశ చట్టాలు నిర్ణయించే మేరకు, పని గంటలుగానే లెక్కించాలని ఉంది. జ్వరమొస్తే రా, సెలవైతే రా అన్న మన షరతుకు సరిగ్గా తగిలే మాట అది. ఆనాడు భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది. ఇప్పటిదాకా ధ్రువీకరించలేదు.

రాష్ట్రాల్లో కొంత జరిగింది. కర్ణాటక 2004లోనే ఇంటి పనిని కనీస వేతనాల పరిధిలోకి తెచ్చింది. తమిళనాడు 2007లో ఇంటి పనివారికి సంక్షేమ బోర్డు పెట్టింది. మహారాష్ట్ర 2008లో సంక్షేమ బోర్డు చట్టం చేసింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటి పనివారికి ప్రత్యేక చట్టం సంగతి పరిశీలించేందుకు కమిటీ వెయ్యాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఇవి ఊరకే రాలేదు. 1985 నుంచి ముంబైలో ఇంటి పనివారిని కూడగట్టి జాతీయ ఉద్యమంగా నిలబెట్టిన సిస్టర్ జీన్ డెవోస్ ఒక సన్యాసిని అని, బెల్జియం నుంచి వచ్చిన ఆమె మన విశ్వాసపు మనిషేనని యువత తెలుసుకోవాలి.

కాని కనీస వేతనం చేసిన గంటకు రేటు చెబుతుంది. రేపు ఎన్ని గంటల పని ఉంటుందో చెప్పదు. ఆ ఖాళీలోనే ఆయా జీతం జారిపోతోంది. చట్టం వచ్చేదాకా ఆ ఖాళీని నింపాల్సింది మనస్సాక్షి. మనస్సాక్షి ఉన్నవాళ్లమని చెప్పుకునేది మనమే.

వట్టి చేతులతో పంపవద్దు

దాదులంటే బైబిలుకు చిన్నచూపు లేదు. ఫరో కుమార్తె మోషేను పెంచడానికి ఇచ్చినప్పుడు జీతం ఇస్తానని మొదటి మాటలోనే చెప్పింది. అన్యదేశపు రాజకుమారికి ఉన్న ఆ పద్ధతి మనకు లేకపోతే సిగ్గుచేటు. రిబ్కా దాది దెబోరా చనిపోతే బేతేలు దిగువన ఒక సింధూర వృక్షం కింద పాతిపెట్టి, ఆ చెట్టుకు ఏడుపు గుర్తుగా పేరు పెట్టుకున్నారు. యాకోబు కుటుంబ చరిత్రలో ఒక పనిమనిషి పేరు, ఆమె సమాధి, ఆమె కోసం కార్చిన కన్నీళ్లు నమోదయ్యాయి.

ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయం ఇంకా ముందుకెళ్తుంది. సేవ చేసినవాణ్ని పంపించేటప్పుడు వట్టి చేతులతో పంపకూడదని, మందలోనుంచి, కళ్లంలోనుంచి, ద్రాక్షగానుగలోనుంచి ధారాళంగా ఇచ్చి పంపాలని ఆజ్ఞ. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో దాసులుగా ఉన్న సంగతిని గుర్తుచేసి మరీ ఇచ్చిన ఆజ్ఞ అది. మందా కళ్లమూ మనకు లేకపోవచ్చు. బ్యాంకు ఖాతా ఉంది.

అందుకే ఆయాను పెట్టుకున్న మన కుటుంబాలను ఇవి చెయ్యమంటున్నాం. గంటలు తగ్గించాల్సి వస్తే కనీసం ఒక నెల ముందు, ఎదురుగా కూర్చుని చెప్పండి. ఆ నెల పూర్తి జీతం ఇవ్వండి. తగ్గిన తర్వాత కూడా ఇంత తక్కువ కాకుండా ఇస్తామని ఒక మొత్తం ఖాయం చెయ్యండి. మీరు వదిలేసిన గంటల్లో ఆమె ఎక్కడ పనిచేసినా అడ్డు చెప్పకండి. అదనంగా పిలిచిన గంటకు అదనంగా, ఆ నెలలోనే ఇవ్వండి. ఆమె మానేస్తానంటే బాకీ ఆపకండి, పనిచేసిన ప్రతి ఏడాదికీ కొంత కలిపి ఇవ్వండి. గేటు యాప్‌లో ఆమె పేరు పక్కన కోపంతో చెడ్డ రేటింగ్ పెట్టి రేపటి పనిని కూడా పాడుచెయ్యకండి.

అక్కా, ఆ ప్రశ్న మొయ్యాల్సి వచ్చిన నీతోనూ కొన్ని మాటలు. నిర్ణయం నీది, నీ పాస్టరుగారిది కాదు, మాదీ కాదు. మానెయ్యడానికి ముందు ప్రయాణం గంటలు కూడా కలిపి నీ లెక్క నువ్వు వేసుకో. "పని వేళ ఇదీ, జీతం ఇంతకు తగ్గదు, అదనపు గంటకు ఇంత" అని ఒక కాగితం మీద రాసివ్వమని అడుగు. రాసివ్వడానికి ఇష్టపడని ఇల్లు రేపు ఏం చేస్తుందో నీకు అప్పుడే తెలిసిపోతుంది. చేతిలో ఇంకో పని దొరికేదాకా ఉండాలనుకుంటే ఉండు, అది ఓటమి కాదు. వెళ్లాలనుకుంటే చెప్పి, బాకీ తీసుకుని, చేసిన పనికి ఒక ఉత్తరం రాయించుకుని వెళ్లు. ఇ-శ్రమ్‌లో పేరు లేకపోతే నమోదు చేయించుకో. పాప ఏడుస్తుంది, నీకూ ఏడుపొస్తుంది. ఆ ప్రేమ నిజం. దాన్ని నీ కాలికి గొలుసుగా వేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

సంఘాలకు, యువతకు ఒక పని. తెలుగులో, కన్నడంలో, తమిళంలో, ఒడియాలో, మరాఠీలో ఒక పేజీ పని ఒప్పందం నమూనా తయారుచెయ్యండి. ఆఫర్ లెటర్లు చదివి సంతకం పెట్టిన మీకు అది గంట పని. స్త్రీల సమాజం కానుకల్లో కొంత తీసి, పని పోయిన అక్కకు రెండు నెలల అద్దెకు వడ్డీ లేని అప్పు ఇచ్చే నిధి పెట్టండి. అలాంటి నిధి ఉంటే "ఉండాలా, వెళ్లాలా" అన్న ప్రశ్నకు ఆమె భయంతో కాకుండా ఆలోచనతో జవాబు చెప్పగలుగుతుంది.

కూలి సంగతి సంఘానికెందుకని అడిగేవాళ్లకు మన చరిత్రే జవాబు. 1876-78 కరువులో ఒంగోలు దగ్గర మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత దూరం తవ్వకం కాంట్రాక్టు తానే తీసుకున్నాడు, ఆకలితో ఉన్న మాదిగలకు పని, కూలి దొరకాలని. కరువు పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు, కూటి కోసం ఎవరూ రాకూడదని. 1878లో వేలమంది బాప్తిస్మం పొందారు. చెన్నపట్నం దాకా సాగే ఆ కాలువ ఒడ్డున, సరైన కూలి ముందు నడిచింది, సువార్త వెనక నడిచింది. ఆ సంఘం బిడ్డలం మనం. జూన్ 16 ఇంటి పనివారి అంతర్జాతీయ దినం. దానికి ముందు వచ్చే ఆదివారం ప్రతి తెలుగు సంఘంలో, పులుపిటం మీద నుంచి, ఆయాలూ వాళ్ల యజమానులూ ఒకేచోట కూర్చుని వినేలా, ఈ ఒప్పందం కాగితం చదివి వినిపించండి. తర్వాత ఎవరు సంతకం పెడతారో, ఎవరు తలదించుకుని బయటికి నడుస్తారో సంఘమే చూస్తుంది.